సూది గుచ్చుకున్నవాళ్ళు ఎందుకు నోరు విప్పడం లేదు: యాజమాన్యాలకు ఒక బహిరంగ లేఖ

ఆసుపత్రులు, ల్యాబ్‌లు, బ్లడ్ బ్యాంకులు, అంబులెన్సులు నడిపే యాజమాన్యాలకు. ఆసుపత్రి చెత్త మోయించే కాంట్రాక్టర్లకు. శవాగారాలు, శ్మశానాల బాధ్యత చూసే అధికారులకు,

నమస్కారం.

నేను 19 ఏళ్ళుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తం తీస్తాను, కఫం స్లైడ్లు చూస్తాను. ఆరేళ్ళ నుంచి ఇన్ఫెక్షన్ కంట్రోల్ పని కూడా నాకే అప్పగించారు. మా దగ్గర ఎవరికైనా సూది గుచ్చుకున్నా, కంట్లో రక్తం చిందినా, మాస్కు లేకుండా టీబీ రోగి పక్కన గంటలకొద్దీ ఉండాల్సి వచ్చినా ముందు నా దగ్గరికే రావాలి. రావాలి అంటున్నాను, వస్తున్నారు అనడం లేదు. ఎందుకు రావడం లేదో మీకు తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఒక ఉదయం హౌస్‌కీపింగ్‌లో పనిచేసే ఒకావిడ నా గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. వెనక ఎవరైనా ఉన్నారేమోనని రెండుసార్లు తిరిగి చూసుకుని, అప్పుడు వచ్చి తలుపు దగ్గరగా వేసింది. (ఈ సంగతి రాయడానికి ఆమె ఒప్పుకుంది. ఆనవాలు పట్టే వివరాలన్నీ తీసేశాను.) కుడిచేతి చూపుడువేలికి ప్లాస్టర్ వేసి ఉంది. అంచులు నల్లబడి, లేచిపోతోంది.

"ఎప్పుడమ్మా ఇది?"

"తొమ్మిది రోజులైంది మేడం."

వార్డులో చెత్తసంచి నిండిపోయింది. మూతి కట్టడానికి పైనుంచి అదుముతుంటే లోపలినుంచి సూది గ్లవ్ చీల్చుకుని దిగింది. ఆ సంచిలో దూది, కట్లు, వాడేసిన గ్లవ్స్ మాత్రమే ఉండాలి. సూదులు వేయడానికి మంచం పక్కనే గట్టి డబ్బా ఉంది. ఎవరో డబ్బా దాకా నడవలేదు. ఎవరన్నది ఎప్పటికీ తెలియదు. ఆ సూది ఏ రోగిదన్నదీ తెలియదు.

పనిలో ఉన్నవాళ్ళకు ఈ లెక్క తెలుసు, అయినా చెబుతాను. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు వీలైతే మొదటి గంటల్లోనే మొదలుపెట్టాలి. 72 గంటలు దాటితే దాని వల్ల ఫలితం ఉంటుందని చెప్పలేం. మొదలుపెడితే 28 రోజులు వాడాలి. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్‌కు టీకా వేయించుకోని మనిషికి ఇమ్యునోగ్లోబులిన్ (ఆ వైరస్‌ను అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీల) ఇంజెక్షన్ ఒకరోజులోపు ఇవ్వాలి. సూది గుచ్చుకున్న కేసుల్లో వారం దాటాక ఇచ్చినా పనిచేస్తుందన్న భరోసా లేదు. ఆమె వచ్చింది తొమ్మిదో రోజున. రెండు తలుపులూ మూసుకుపోయాయి. ఇక నేను చేయగలిగిందల్లా టీకా మొదటి డోసు వేయించడం, రక్తం తీసి పంపడం, ఆరు నెలల పాటు పరీక్షలు చేయిస్తూ ఆమెతో పాటు ఎదురుచూడటం.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాను. గొంతు కాస్త పెరిగిందేమో. ఆమె నేలకేసి చూస్తూ అంది: "ఆ నర్సమ్మ గ్లాసు చూశాను కదా మేడం."

ఏ గ్లాసో నాకు వెంటనే అర్థమైంది. అంతకు రెండేళ్ళ ముందు అదే వార్డులో ఒక నర్సుకు సూది గుచ్చుకుంది. ఆ అమ్మాయి చేయాల్సిందంతా చేసింది. సబ్బుతో కడుక్కుని, అరగంటలో నా దగ్గరికి వచ్చి, ఫారం నింపి, ఆ సాయంత్రమే మందు మొదలుపెట్టింది. మూడోరోజుకల్లా స్టాఫ్ రూమ్‌లో నీళ్ళ గ్లాసుల్లో ఒకదాని అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క వెలిసింది. ఎవరు పెట్టారో ఎవరూ ఒప్పుకోలేదు. అందరూ మాత్రం ఆ గ్లాసును ఆమెకే వదిలేసేవాళ్ళు. నీళ్ళ గ్లాసు ద్వారా హెచ్‌ఐవీ రాదని ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ పరీక్షల్లో రాసి పాసైనవాళ్ళే. 28 రోజుల మందు అయిపోయింది. ఆరు వారాల రిపోర్టు నెగటివ్. మూడు నెలలది నెగటివ్. ఆరు నెలలది కూడా నెగటివ్. గ్లాసు అడుగున చుక్క అలాగే ఉంది. ఒకరోజు ఆ అమ్మాయి ఇంటి నుంచి సీసాతో నీళ్ళు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. తర్వాత వేరేచోటికి వెళ్ళిపోయింది.

ఆ గ్లాసును రోజూ కడిగింది ఈవిడే. చుక్కను రోజూ చూసింది. తనకు సూది గుచ్చుకున్న రోజున ఆమెకు గుర్తొచ్చింది గోడమీద నేను అంటించిన పోస్టరు కాదు, ఆ గ్లాసు. మన శిక్షణలన్నిటికంటే ఒక్క నెయిల్ పాలిష్ చుక్క ఎక్కువ పాఠం చెప్పింది.

ఇక్కడ భయానికీ నిజానికీ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. హెచ్‌ఐవీ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు 0.3 శాతం. వెయ్యిసార్లు గుచ్చుకుంటే మూడుసార్లు. మందు వేసుకుంటే ఇంకా తక్కువ. హెపటైటిస్ సి అయితే రెండు శాతం లోపే. హెపటైటిస్ బి మాత్రం టీకా లేని మనిషికి 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. ఆ వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా వారంరోజులు బతికి ఉండగలదు. అంటే మనం ఎక్కువగా భయపడేది తక్కువగా సోకేదానికి. నిజంగా భయపడాల్సినదానికి మూడు డోసుల టీకా ఉంది. ఆ టీకా డాక్టర్లకు, నర్సులకు చేరింది. చెత్తసంచి మూతి కట్టే ఆవిడకు చేరలేదు. ఆమె కాంట్రాక్టు కంపెనీ అప్పటికి రెండుసార్లు మారింది. టీకా వేయించాల్సింది తామేనని ఏ కంపెనీ అనుకోలేదు. మేమూ అడగలేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

నా సొంత అనుభవం కూడా ఒకటి చెప్పాలి. పదకొండేళ్ళ కిందట, వేరేచోట పనిచేస్తున్నప్పుడు, రక్తం తీస్తుండగా రోగి చెయ్యి ఒక్కసారిగా లాగేసుకున్నాడు. సూది నా బొటనవేలి మొదట్లో దిగింది. వెంటనే చెప్పాను. మా పైఅధికారి ఫోన్ తీసి, నేను ఎదురుగా ఉండగానే, కౌంటర్ దగ్గర నిలబడి ఉన్న పదిమందికీ వినిపించేలా నా పేరు, ఆ రోగికి ఏముందో, రెండూ చెప్పేశారు. ఆయన చెడ్డవారు కాదు. నాకు మందు త్వరగా అందాలనే ఆరాటంలోనే అరిచారు. మందు అందింది. దాంతో పాటు ఇంకొకటి కూడా అందింది. మర్నాడు డ్యూటీ చార్టులో నా పేరు రక్తం తీసే గది నుంచి రికార్డుల గదికి మారింది. కారణం ఎవరూ చెప్పలేదు, ఎన్నాళ్ళో కూడా చెప్పలేదు. సూది గుచ్చుకుందన్న ఒక్క కారణంతో మనిషిని రోగుల సేవ నుంచి తప్పించాల్సిన అవసరం లేదని మార్గదర్శకాలు చెబుతాయి. ఆ సంగతి నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. అప్పుడు మాత్రం తప్పు చేసినదానిలా ఫైళ్ళ మధ్య కూర్చున్నాను. మాత్రలను కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్ళేదాన్ని. వికారంతో కడుపులో తిప్పుతుంటే ఎవరికీ అనుమానం రాకూడదని నవ్వుతూ తిరిగేదాన్ని.

నెగటివ్ వచ్చిన రోజున ఒక సంగతి తెలిసింది. నాకు సూది గుచ్చుకుందన్న కబురు ఒక్కపూటలో భవనమంతా పాకింది. నాకు ఏమీ సోకలేదన్న కబురును మోసుకెళ్ళడానికి ఒక్కరూ లేరు. నేనే ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి చెప్పుకోవాలా? చెబితే "మేం అడిగామా?" అన్నట్టు చూసేవాళ్ళు. కక్కలేక మింగలేక ఊరుకున్నాను.

మీరు అనబోయేది నాకు తెలుసు. "అది వెలివేయడం కాదు, జాగ్రత్త" అంటారు. జాగ్రత్త నాకూ కావాలి. బతుకుతెరువే దాని మీద ఉన్నదాన్ని. అందుకే రెంటినీ వేరుచేసి చూడటం నేర్చుకున్నాను. జాగ్రత్త అయితే దానికి చెప్పగలిగే కారణం ఉంటుంది: ఈ జబ్బు ఈ దారిన సోకుతుంది కాబట్టి ఆ దారిని మూస్తున్నాం అని. దానికి గడువు ఉంటుంది: ఫలానా రోజుకు ముగుస్తుంది అని. పైగా అది పదవిని చూడదు. టీబీ సోకిన ఉద్యోగికి సరైన మందు పడితే సాధారణంగా కొద్దివారాల్లోనే ఆ మనిషి నుంచి ఇతరులకు సోకే ప్రమాదం పోతుంది. డాక్టరు పరీక్షించి ఆ సంగతి నిర్ధారించేదాకా ఇంట్లో ఉండమనడం జాగ్రత్త. నిర్ధారించిన కాగితం తెచ్చాక కూడా "ఇంకో రెండు నెలలు ఆగు, మిగతావాళ్ళు ఒప్పుకోవడం లేదు" అనడం జాగ్రత్త కాదు. అప్పుడు మీరు సూక్ష్మజీవికి కాదు, గుసగుసలకు జవాబుదారీగా ఉన్నట్టు.

పైవాళ్ళే గడువు, కారణం లేని పని చేస్తే ఏమవుతుందో చూశాం. 2014 అక్టోబరులో కేసీ హికాక్స్ అనే నర్సు సియెర్రా లియోన్‌లో ఎబోలా రోగులకు సేవచేసి అమెరికాకు తిరిగి వెళ్ళింది. న్యూజెర్సీలో విమానం దిగగానే ఆమెను పట్టుకుని ఆసుపత్రి ఆవరణలో ఒక టెంటులో మూడురోజులకు పైగా ఉంచారు. ఎబోలా లేదని పరీక్షలో తేలినా వదల్లేదు. ఎబోలా లక్షణాలు లేని మనిషి నుంచి ఇతరులకు సోకదు. ఆ సంగతి తెలియని అధికారులు కారు వాళ్ళు. ఆమె కోర్టుకెక్కింది. 2017లో రాజీ కుదిరింది. క్వారంటైన్‌లో ఉంచే మనిషికి లాయర్ని పెట్టుకునే హక్కు, ఆ ఆదేశాన్ని ప్రశ్నించే హక్కు ఉండాలని ఆ రాష్ట్రం ఒప్పుకుంది. రోగుల కోసం ప్రాణం పణంగా పెట్టి వచ్చిన మనిషి ఆ మాత్రం హక్కు కోసం కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది.

మాకు దండలు వేసినవాళ్ళు కూడా లేకపోలేదు. 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి వచ్చినప్పుడు ప్రపంచవ్యాప్తంగా నమోదైన 8,098 కేసుల్లో ఐదోవంతు దాకా ఆరోగ్య సిబ్బందే. ఆ జబ్బు కొత్తదని హనోయ్ నుంచి లోకాన్ని ముందుగా హెచ్చరించిన డాక్టర్ కార్లో ఉర్బానీ అదే జబ్బుతో ఆ ఏడాది మార్చి 29న చనిపోయారు. ఆ రోజుల్లో సింగపూర్‌లో 10 వేలమందికి పైగా ఆరోగ్య సిబ్బంది జవాబులతో ఒక సర్వే జరిగింది. 77 శాతం మంది సమాజం తమను మెచ్చుకుంటోందన్నారు. అదే సర్వేలో 49 శాతం మంది జనం తమను దూరం పెడుతున్నారన్నారు. 31 శాతం మంది అయితే సొంత ఇంటివాళ్ళే ఆమడదూరంలో ఉంటున్నారని చెప్పారు. ఈ మూడు అంకెలనూ నేను చాలాసార్లు పక్కపక్కన పెట్టుకుని చూశాను. మెచ్చుకోవడం, దూరం పెట్టడం ఒకదానికొకటి విరుద్ధం కావు. ఒకే మనిషి ఒకే రోజున రెండూ చేయగలడు. చప్పట్లు కొట్టిన చేతులతోనే లిఫ్టు తలుపు మూసేయగలడు.

2020లో మళ్ళీ అదే చూశాం. ఒకవైపు బాల్కనీల్లో చప్పట్లు. మరోవైపు మెక్సికోలో యూనిఫాం వేసుకున్న నర్సుల మీద బ్లీచ్ పోశారు. యూనిఫాంతో వీధిలోకి రావద్దని, సంచిలో పెట్టుకెళ్ళి లోపల మార్చుకోమని సిబ్బందికి చెప్పాల్సి వచ్చింది. ఎన్నోచోట్ల డాక్టర్లను, నర్సులను అద్దె ఇళ్ళు ఖాళీ చేయమన్నారు. 2020 జనవరి నుంచి 2021 మే దాకా సుమారు 1,15,000 మంది ఆరోగ్య సిబ్బంది కోవిడ్‌తో చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బతికి ఉన్నప్పుడు ఇల్లు అద్దెకు దొరకనివాళ్ళు వాళ్ళలో ఎందరో ఎవరు లెక్కపెట్టారు?

అందుకే మమ్మల్ని వీరులు, దేవుళ్ళు అని పిలవడం మానేయండని చేతులెత్తి అడుగుతున్నాను. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బరువుగా ఉంటుంది. వీరుడికి జబ్బు చేయకూడదు, వీరుడు సెలవు అడగకూడదు, భయమేస్తోందని అనకూడదు. జబ్బు చేస్తే వీరుడు కాస్తా ఒక్కరోజులో అంటు అయిపోతాడు. మేం ఉద్యోగులం. పనిలో ప్రమాదం ఉంది, ఆ ప్రమాదానికి లెక్క ఉంది, జాగ్రత్తలు ఉన్నాయి, మందు ఉంది, సెలవు ఉండాలి. అంతవరకు చూడండి చాలు.

ఇక వరసలో చివర ఉన్నవాళ్ళ సంగతి. సూది ఒక సర్జన్‌కి గుచ్చుకుంటే "అయ్యో, ఎంత రిస్కు తీసుకుంటున్నారు" అంటాం. స్వీపర్‌కి గుచ్చుకుంటే "ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్యి" అంటాం. నేను 19 ఏళ్ళలో ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి విన్నాను. నిజానికి స్వీపర్‌కి గుచ్చుకునే సూది దాదాపు ఎప్పుడూ ఇంకొకరి చేతిలోంచి జారినదే. వాడినవాడు వాడిన చోటే పారేస్తే, డబ్బా ముప్పాతిక వంతు నిండగానే మూసేసి కొత్తది పెడితే, సూదికి మళ్ళీ మూత పెట్టే అలవాటు మానేస్తే ఆ సంచిలోకి సూది వచ్చేది కాదు. తప్పు ఒకరిది, గాయం ఇంకొకరిది, నింద మాత్రం గాయపడ్డవాళ్ళ మీద. లాండ్రీలో రక్తం అంటిన దుప్పట్లు విడదీసేవాళ్ళు, శవాగారంలో పనిచేసేవాళ్ళు, అంబులెన్సు వెనక సీటు తుడిచేవాళ్ళు మా రిజిస్టర్లలో ఎక్కడా కనబడరు. పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు ఆ వ్యాధిని ఆపడంలో అతిపెద్ద పని చేసినవాళ్ళలో శవాలను జాగ్రత్తగా పూడ్చిపెట్టిన బృందాలు ఉన్నాయి. చనిపోయినవారి శరీరం నుంచి కూడా ఎబోలా సోకుతుంది కాబట్టి వాళ్ళు లేకపోతే ఆ గొలుసు తెగేది కాదు. వాళ్ళలో చాలామంది కుర్రాళ్ళను ఇంటివాళ్ళు, ఇరుగుపొరుగు దగ్గరికి రానివ్వలేదు. ఊళ్ళను కాపాడిన చేతులను ఊళ్ళే ముట్టుకోలేదు.

"రోగి భద్రత మాటేమిటి? ఎవరికి ఏముందో మాకు తెలియాలి కదా" అని పెద్ద డాక్టర్లు నన్ను అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు 1987లోనే జవాబు దొరికింది. ప్రతి మనిషి రక్తాన్నీ సోకగలిగేదిగానే భావించి ఒకేరకం జాగ్రత్త పాటించమని ఆ ఏడాది అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెప్పింది. ఇప్పుడు లోకమంతా పాటిస్తున్న పద్ధతికి మూలం అదే. దాని అర్థం ఏమిటంటే, అందరి దగ్గరా గ్లవ్స్ వేసుకుంటే ఎవరి పేరూ తెలియాల్సిన పనిలేదు. ఎవరి ఫైలు మీదా ఎర్ర స్టిక్కర్ అక్కర్లేదు, ఎవరి గ్లాసు మీదా చుక్క అక్కర్లేదు. పేరు తెలుసుకోవాలనే ఆత్రం ఎక్కువగా ఉన్నచోట గ్లవ్స్ వాడకం తక్కువగా ఉండటం నేను కళ్ళారా చూశాను. "ఫలానా మంచం దగ్గర జాగ్రత్త" అని గుసగుసలాడేవాళ్ళు పక్క మంచం దగ్గర వట్టి చేతులతో పనిచేస్తారు.

మీ నుంచి నాకు కావలసినవి పెద్దవేమీ కావు. కొన్నిటికి పైసా ఖర్చు లేదు.

మొదటిది, సూది గుచ్చుకున్నట్టు చెప్పే చోటు నలుగురు తిరిగే చోట ఉండకూడదు. ఒక ఫోన్ నంబరు, రాత్రి కూడా ఎత్తే మనిషి, ఫారం మీద పేరుకు బదులు ఒక అంకె, అంతే. ఆ ఫారంలో "మీ నిర్లక్ష్యం ఏమైనా ఉందా" అని అడిగే గడి ఉంటే కొట్టేయండి. మా దగ్గర ఆ గడి ఉండేది. దాన్ని తీసేయించడానికి నాకు నాలుగు మీటింగులు పట్టింది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చేవాళ్ళు పెరిగారు. వచ్చేవాళ్ళు పెరిగారంటే ప్రమాదాలు పెరిగాయని కాదు, దాచడం తగ్గిందని. దయచేసి నెలవారీ రిపోర్టులో ఈ అంకె పెరగగానే వార్డు ఇన్‌ఛార్జిని నిలబెట్టి అడగకండి. ఒక్కసారి అడిగితే మరుసటి నెల అంకె సున్నా అవుతుంది. ఆ సున్నాను చూసి మీరు సంతోషిస్తారు. నాకు మాత్రం ఆ సున్నా అంటేనే భయం.

టీకాల సంగతి కాంట్రాక్టులోనే రాయండి. పనిలో చేరిన రోజునే మొదటి డోసు, కంపెనీ మారినా కార్డు ఆ మనిషితోనే ఉండాలి. మందు వాడుతున్న 28 రోజుల్లో ఒంట్లో బాగాలేక సెలవు పెడితే జీతం కోయకండి. రోజుకూలీ మీద బతికే మనిషి జీతం పోతుందనుకుంటే సూది సంగతి చస్తే చెప్పదు. డ్యూటీ మార్చాల్సి వస్తే ఎందుకో, ఎన్నాళ్ళో ఆ మనిషితో కూర్చుని మాట్లాడి రాతపూర్వకంగా ఇవ్వండి. నిజంగానే జబ్బు సోకితే అది పనిలోనే సోకిందని నిరూపించుకునే భారం ఆ మనిషి నెత్తిన వేయకండి. చెత్తసంచిలోని సూది ఎవరిదో చెప్పలేని మనం ఆమెను రుజువులు తెమ్మని ఎలా అడుగుతాం?

అద్దె ఇంటివాళ్ళు ఖాళీ చేయమన్నారని, పిల్లల్ని పక్కింటివాళ్ళు ఆడుకోనివ్వడం లేదని సిబ్బంది వచ్చి చెబితే "అది మీ సొంత విషయం" అని తప్పుకోకండి. అది మీ పని వల్ల వచ్చిన కష్టమే. మీ లెటర్‌హెడ్ మీద, ఆ ఉద్యోగి ఒప్పుకుంటేనే, "ఈ మనిషి వల్ల మీకు ప్రమాదం లేదు, సందేహముంటే మమ్మల్ని అడగండి" అని నాలుగు ముక్కలు రాసి ఇవ్వండి. ఒకసారి మా మెడికల్ సూపరింటెండెంట్‌ని బతిమాలి అలాంటి ఉత్తరం రాయించాను. ఇంటి యజమానురాలు అది చదివి ఫోన్ చేసింది. ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఆమె అడిగిన ప్రశ్నలన్నీ భయంలోంచి పుట్టినవే, దుర్మార్గంలోంచి కాదు. బాత్రూం గురించి అడిగింది, దోమల గురించి అడిగింది, మెట్ల రెయిలింగ్ గురించి అడిగింది. ఒక్కొక్కదానికి జవాబు చెబుతుంటే గొంతు మెత్తబడింది. ఆ ఇల్లు నిలబడింది. ఇన్నేళ్ళలో ఆమెతో అలా మాట్లాడినవాళ్ళు ఎవరూ లేరట.

ఇవన్నీ నా సొంత కోరికలని కొట్టిపారేయకండి. ఉద్యోగికి హెచ్‌ఐవీ ఉన్నా, ఉందని అనుకున్నా ఆ కారణంతో వివక్ష చూపకూడదని, పరీక్షకు గాని, ఆ సంగతి బయటపెట్టమని గాని బలవంతం చేయకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లోనే తన 200వ సిఫారసులో చెప్పింది. పనిచోట సూక్ష్మజీవుల వంటి ప్రమాదాల నుంచి కార్మికులను కాపాడటానికి తొలి అంతర్జాతీయ ఒప్పందాన్ని, 192వ నంబరుది, 2025 జూన్‌లో ఆమోదించింది. ఇన్ని శతాబ్దాలుగా మనుషులు అంటువ్యాధుల మధ్య పనిచేస్తుంటే దాని మీద ప్రత్యేకంగా ఒక ఒప్పందం రావడానికి 2025 దాకా పట్టింది. మీ ప్రభుత్వం దానికి చట్టరూపం ఇచ్చేదాకా మీరు ఆగనక్కర్లేదు. గ్లాసు మీద చుక్కను చెరపడానికి ఏ చట్టమూ అవసరం లేదు, స్టాఫ్ రూమ్‌లోకి వెళ్ళి ఆ గ్లాసుతో నీళ్ళు తాగే ఒక పెద్దమనిషి ఉంటే సరిపోతుంది. ఆ రోజు ఆ పని నేను చేయలేదు. చూశాను, బాధపడ్డాను, అటు తిరిగి నా సీసాలోని నీళ్ళు తాగాను.

ఆవిడ సంగతి చెప్పి ముగిస్తాను. ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి వచ్చింది. ప్రతిసారీ తలుపు దగ్గరగా వేసే కూర్చునేది. ఆ మధ్యలో టీకా మూడు డోసులూ పూర్తయ్యాయి. ఆరో నెల పరీక్ష రిపోర్టు వచ్చిన రోజున నేనే కబురు పెట్టాను. అన్నీ నెగటివ్. కాగితం చేతిలో పెట్టి ఒక్కొక్క వరుసా వేలు పెట్టి చదివి వినిపించాను. ఆమె చాలాసేపు దాన్నే చూసింది.

"ఇక భయం లేదమ్మా. ఎవరైనా అడిగితే ఇది చూపించు," అన్నాను.

"చూపిస్తే, అసలు పరీక్ష ఎందుకు చేయించుకున్నావని అడుగుతారు మేడం."

నా దగ్గర జవాబు లేకపోయింది. ఆమె కాగితాన్ని నాలుగుగా మడిచి, మడతల మీదే చింపింది. మళ్ళీ మడిచి మళ్ళీ చింపింది. నా బల్ల కిందే చెత్తబుట్ట ఉంది. అందులో వెయ్యమని చూపించాను. రోజూ ఆ బుట్ట ఖాళీ చేసేది ఆమే. బుట్టకేసి ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపి, ఆ ముక్కల్ని గుప్పిట్లో బిగించి పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్